పద్మ రాసిన దారిలో క్యోటో

క్యోటో వెళ్లొచ్చి నెలన్నర దాటింది. ఆదోనిలో ఇప్పటికీ ఎవరు ఎదురుపడినా జపాను సంగతులు చెప్పమంటారు. రైలు నిజంగా అంత వేగమా, పచ్చి చేప తిన్నారా, ఆ గులాబీ రంగు పూలు చూశారా, ఇవే ప్రశ్నలు. రైలు వేగమే. చేప మా ఇంట్లో ముట్టం. పూలు మేం పోయేసరికి రాలిపోయాయి. ఈ మూడు జవాబులూ విని, టీ తాగి వెళ్లిపోతారు. నేను చెప్పాలనుకున్నది మాత్రం చెప్పకుండానే మిగిలిపోతోంది. అందుకే రాస్తున్నాను.

బయల్దేరక ముందు

నా పేరు నాగవేణి. పుట్టిల్లు ఎమ్మిగనూరు. అక్కడ ఒక ప్రైవేటు బడిలో పదమూడేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, ముప్పై ఆరో ఏట ఆదోని కోడలినయ్యాను. ఆయన పత్తి వ్యాపారి, పేరు శ్రీనివాసులు. నేను ఆయనకు రెండో భార్యను. మొదటి భార్య పద్మ జబ్బు చేసి పోయిన రెండేళ్లకు మా పెళ్లి జరిగింది.

పెళ్లినాడు మా అత్తమ్మ నా మంగళసూత్రాల పక్కన ఒక చిన్న బంగారు బిళ్ళ కూడా గుచ్చింది. పోయిన సవతి గుర్తుగా రెండో భార్య మెడలో వేసుకునే బిళ్ళ అది. "కొత్త సీర కట్టేముందు మొదలు ఆయమ్మకి పెట్టి కట్టుకో. కొత్త సోటికి పోతే మొదటి ముద్ద ఆయమ్మకి తీసిపెట్టు. మరిసిపోతే మనసులో పెట్టుకుంటాది సూడు," అంది. లెక్కల టీచర్ని కదా, నవ్వుకోవాల్సింది. నవ్వలేదు. ఈ మూడేళ్లలో ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

పద్మకు క్యోటో అంటే పిచ్చి. జపాను వాళ్ల పాత రాజధాని అది. వేయికి పైగా గుళ్లున్న ఊరు. దంపతులిద్దరూ అక్కడ ఐదు రోజులు ఉండిరావాలని రెండేళ్లపాటు ఒక నోటుబుక్కులో రాసుకుంటూ పోయిందట. ఏ రోజు ఎక్కడికి, ఎక్కడ కూర్చోవాలి, ఏం తినాలి, అన్నీ. ఆ ఊళ్లో ఒక చిన్న సత్రం వెతికి, దాన్ని నడిపే ముసలావిడతో కంప్యూటర్లో ఉత్తరాలు నడిపి, గది కూడా మాట్లాడుకుంది. అంతలో కరోనా వచ్చి దేశాలన్నీ తలుపులేసుకున్నాయి. తలుపులు తెరుచుకునేసరికి పద్మ లేదు.

ఈ ఏడు పత్తి సీజను అయిపోయాక ఆయన ఒక మధ్యాహ్నం భోజనానికి వచ్చి ఆ నోటుబుక్కు నా కంచం పక్కన పెట్టారు.

"పోదామా? ఆడ గదికి ఇచ్చిన అడ్వాన్సు అట్లనే ఉండాది. వస్తామని రాస్తే ఆ ముసలామె ఎప్పుడైనా రాండి అని రాసింది."

నేను వెంటనే ఒప్పుకున్నాను. ఎందుకో చెప్తాను. పెళ్లయి మూడేళ్లయినా ఆయన నన్ను ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. 'ఏమే', 'ఇదో', 'సూడు', ఇంతే. మా వైపు మగవాళ్లలో చాలామంది అంతేలే అనుకుందును గానీ, పద్మను మాత్రం వీధి చివరికి వినపడేట్టు పేరు పెట్టి పిలిచేవారని అత్తమ్మే నాతో చెప్పింది. కోప్పడరు, కొట్టరు, అడిగింది తెస్తారు. కానీ ఆ ఇంట్లో నేను ఖాళీ అయిన ఉద్యోగంలో చేరినట్టుగా ఉండేది. ఐదు రోజులు అంగడి లేదు, అత్తమ్మ లేదు, ఇద్దరమే. అప్పుడైనా నేనెవరో ఆయనకు కనిపిస్తే సరి. లేకపోతే తిరిగొచ్చి బెంగుళూరులో దిగి అక్కణ్ణుంచి అటే ఎమ్మిగనూరు వెళ్లిపోదామని నిశ్చయించుకున్నాను. జూన్‌లో మళ్లీ చేర్చుకుంటారేమోనని పాత బడిలో కనుక్కున్నాను కూడా. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొదటి రోజు: సత్రం

క్యోటోలో మొదట కొట్టొచ్చినట్టు కనిపించేది శుభ్రం. రెండోది చెత్తబుట్ట లేకపోవడం. ఆయన స్టేషన్లో అరటిపండు తిని, తొక్క వెయ్యడానికి చోటు దొరక్క, అరగంటసేపు ప్యాంటు జేబులో పెట్టుకుని నడిచారు. మన ఊళ్లో ఆ తొక్క ఎప్పుడో ఒక ఆవు నోట్లో ఉండేది. ఇక్కడ ఆవు లేదు, హారన్ లేదు, దుమ్ము లేదు. అంతమంది జనం నడుస్తున్నా చెప్పుల చప్పుడు కూడా వినపడదు. మొదటి గంట బాగుందనిపించింది. తర్వాత నా చెవులకేమైనా అయిందా అని అనుమానం వచ్చింది.

సత్రం ఒక సన్నటి సందులో ఉంది. నల్లబడిన చెక్క ఇల్లు. యజమానురాలు హరుకోగారికి ఎనభై ఉంటాయి, నడుం వంగిపోయింది. గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చుని మాకోసం ఎదురుచూస్తోంది. మేం లోపలికి రాగానే చేతిలోని ఫోనుకి తన భాషలో ఏదో చెప్పింది. ఆ ఫోను దాన్ని తెలుగులోకి మార్చి, ఉప్పూకారం లేని ఒక ఆడగొంతుతో పలికింది.

"పద్మ గారూ, నేను చాలా సంవత్సరాలు మీ కోసం ఎదురుచూశాను. మీ ఇంటికి స్వాగతం."

నేను ఆయన వైపు చూశాను. ఆయన వంగి బూట్ల తాళ్లు విప్పుకుంటున్నారు. విప్పడానికి చాలాసేపు పట్టింది. తల ఎత్తలేదు.

ముసలావిడ నా రెండు చేతులూ పట్టుకుని నొక్కింది. వెచ్చగా, కాగితంలా పలచగా ఉన్నాయి ఆమె వేళ్లు. గదిలోకి తీసుకెళ్లి ఒక్కొక్కటే చూపించింది. పద్మ అడిగిందని పడమటి వైపు కిటికీ ఉన్న గది అట్టిపెట్టింది. చేపల చారు పడదని రాసిందని, సముద్రపు నాచుతో కాచింది. తీపి గుమ్మడి ఇష్టమని రాసిందని, రాగానే చిన్న గిన్నెలో అదే పెట్టింది. నాకు గుమ్మడి గొంతు దిగదు. మొదటి ముక్క పద్మకని పక్కన పెట్టి, ఆమె ఎదురుగా కూర్చుని చూస్తుంటే మిగతాదంతా తిన్నాను. పద్మకు పిల్లులంటే భయమట, అందుకని తన పిల్లిని ఈ ఐదు రోజులూ పక్కింటికి పంపేసింది. ఆ పిల్లి మాత్రం గోడమీద కూర్చుని కిటికీలోంచి నన్నే చూసేది.

ఆమె వెళ్లాక అడిగాను. "ఆయమ్మకి సెప్పలేదా మీరు?"

"సెప్తాలే. ఇప్పుడే కదా వచ్చినాము. రేపు సెప్తా."

నేను చెప్పొచ్చు కదా అని మీరనొచ్చు. ఫోను అక్కడే ఉంది, నాకు నోరూ ఉంది. కానీ అది ఆయన నోటి నుంచి రావాలి. నేనెవరో నేనే చెప్పుకోవాలంటే, దానికి జపాను దాకా రావడం దేనికి?

రెండో రోజు: మూడో కప్పు

పొద్దున్నే గదిలో మా ఇద్దరికీ నూలు అంగీలు మడతపెట్టి ఉన్నాయి. యుకాటా అంటారు. సత్రంలో ఉన్నన్నాళ్లూ ఆడా మగా అందరూ అదే చుట్టుకుని తిరుగుతారు. నాదానిమీద నీలం పువ్వులు. కొత్త బట్ట కాబట్టి అత్తమ్మ మాట గుర్తుంచుకుని, దాన్ని కిటికీ గూట్లో పెట్టి, కళ్లు మూసుకుని, 'నువ్వు కట్టుకో అక్కా, తర్వాత నేను కట్టుకుంటా' అనుకుని తీసి చుట్టుకున్నాను. చీర పైట కుడి చంక కింది నుంచి ఎడమ భుజం మీదికి వస్తుంది కదా. ఆ అలవాటుకొద్దీ ఎడమ కొంగు లోపలికి వేసి, కుడి కొంగు పైకి తెచ్చి నడికట్టు బిగించాను. అద్దంలో బాగానే ఉంది.

ఫలహారం పట్టుకొచ్చిన హరుకోగారు నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. పళ్లెం నేలమీద పెట్టేసింది. గబగబా వచ్చి, ఒక్క మాట కూడా లేకుండా నా నడికట్టు విప్పి, కొంగులు మార్చి, మళ్లీ కట్టింది. తర్వాత ఫోను తీసుకుంది.

"కుడి కొంగు పైకి రాకూడదు. చనిపోయిన వారికి అలా చుడతారు. పద్మ గారూ, మీరు బ్రతికి ఉన్నారు."

ఆ ఆడగొంతుకి ఏ మాటైనా ఒకటే. గుమ్మడి తినండి అన్నట్టే ఇదీ అంది. చనిపోయిన మనిషికి పెట్టిన బట్టను చనిపోయిన మనిషికి కట్టినట్టే కట్టుకుని నిలబడ్డాను, ఎవరూ నేర్పకుండానే. ఆయన పళ్లెం దగ్గరికి జరుపుకుని, పుల్లలతో అన్నం తియ్యబోతూ అలాగే ఆగిపోయారు. చెప్తారేమో అని చూశాను. అన్నం తినడం మొదలుపెట్టారు.

ఆరోజు నోటుబుక్కు ప్రకారం కొండవారన ఉన్న గుళ్లకు వెళ్లాం. పద్మ చేతిరాత గుండ్రంగా, ముద్దుగా ఉంటుంది. నా క్లాసులో అయితే పదికి పది వేద్దును. 'ఈ మెట్లు సగం ఎక్కాక ఆయన మోకాలు పట్టుకుని నిలబడతాడు. కుడిపక్క చెక్క బల్ల ఉంది' అని రాసింది. నేను ఆ వాక్యం చదువుతుండగానే ఆయన మోకాలు పట్టుకున్నారు. కుడిపక్క బల్ల ఉంది. 'ఐదు నిమిషాల్లో టీ అంటాడు' అని ఇంకో వాక్యం. నాలుగు నిమిషాలకే అన్నారు.

మధ్యాహ్నం ఒక పాత తోఫు హోటల్లో తిన్నాం. సోయా పాలు విరగ్గొట్టి చేసే పనీరులాంటిదాన్ని వేడినీళ్లలో తేలేసి ఇస్తారు. ఉప్పు తగిలీ తగలనట్టు ఉంటుంది. మనిషికి మన డబ్బుల్లో రెండువేల చిల్లర. ఆ డబ్బుకి ఆదోనిలో పదిమందికి ఉగ్గాని, బజ్జీ పెట్టొచ్చు. కొత్త చోట మొదటి ముద్ద కాబట్టి, ఒక చిన్న గిన్నెలో కొంచెం అన్నం పద్మకు తీసి పక్కన పెట్టాను. నా పుల్లలు ఎక్కడ పెట్టాలో తెలియక, నీళ్లు తాగడానికని వాటిని ఆ అన్నంలోనే నిలువుగా గుచ్చాను.

వడ్డించే అమ్మాయి అది చూసింది. మొహంలో రంగు మారింది. వెళ్లిపోయి కాసేపటికి ఒక టీ కప్పు తెచ్చి, ఆ గిన్నె ముందు, మనిషి లేని వైపు పెట్టి, ఆ ఖాళీ చోటుకి వంగి దణ్ణం పెట్టింది. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చడం వాళ్ల దేశంలో పోయినవాళ్లకు పెట్టే పద్ధతని తర్వాత తెలిసింది. మా అత్తమ్మ ఆచారం నేను వాళ్లకు వివరించలేదు, వాళ్ల ఆచారం నాకెవరూ వివరించలేదు. అయినా మేం ఏం చేస్తున్నామో ఆ అమ్మాయికీ నాకూ అర్థమైంది. ఆ కప్పులోంచి చాలాసేపు ఆవిరి వచ్చింది. ఆయన ఆ వైపు చూడకుండా తిన్నారు.

మూడో రోజు: మగ్గాల పేట

నిషిజిన్ అని పట్టు నేసేవాళ్ల పేట. ఇది మాత్రం నాకోసమే పద్మ రాసినట్టు అనిపించింది. ఎమ్మిగనూరులో మా వీధి వెనకే మగ్గాల వీధి. ఆ చప్పుడు వింటూనే పెరిగాను, దారం తెగి మగ్గం ఆగితే ఇంట్లో కూర్చుని చెప్పగలను. ఇక్కడా ఒక ఇంటి ముందు ఆ చప్పుడే వినిపించింది. అదే వరస, అదే ఆగడం. సంతోషంతో తలుపు దగ్గరికి వెళ్లాను. నా చెయ్యి తలుపుకి తగలగానే చప్పుడు ఆగిపోయింది.

ఎదురింటి పెద్దాయన ఒకరు మొక్కలకు నీళ్లు పోస్తూ, చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆ ఇంట్లో ఎవరూ లేరని, చాలా ఏళ్లుగా తాళమేనని సైగలతో చెప్పాడు. తాళం తుప్పుపట్టి ఉంది. చప్పుడు వెనక సందులోంచి వచ్చి ఉంటుంది, ఇరుకు సందుల్లో చప్పుడు ఎటునుంచి వస్తుందో తెలియదు. మేం పది అడుగులు నడిచాక మళ్లీ మొదలైంది. ఈసారి నేను వెనక్కి తిరగలేదు.

ఆ చివర ఒక అంగట్లో నడుముకి కట్టే పట్టు పటకాలు అమ్ముతున్నారు. ఒక్కోటి మనకు లక్ష పైమాట. ఆయన ఊరుకుంటారా? పత్తి బేళ్ల దగ్గర మాట్లాడినట్టు వేళ్లు చూపిస్తూ సగానికి బేరం మొదలుపెట్టారు. అంగడి యజమాని నవ్వుతూ, వంగుతూ, ఇంకా వంగుతూ, ఏం చెప్పాలో తెలియక చెమటలు పట్టిపోయాడు. నాకు ఒళ్లు మండింది. "సాలు రాండి, పరువు తీస్తాండారు," అని చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చాను.

బయట, తర్వాత ఎక్కడికో చూద్దామని నోటుబుక్కు తెరిచాను. 'ఇక్కడ ఈయన బేరం ఆడతాడు. నాకు తప్పకుండా కోపం వస్తుంది' అని ఉంది.

ఆ సందులో ఎండలో నిలబడి ఆ వాక్యం రెండుసార్లు చదివాను. నా సొంతమని నేను అనుకున్నది ఆ కోపం ఒక్కటే. దాన్ని కూడా ఆమె ముందే రాసిపెట్టింది.

ఆ సాయంత్రం భోజనం దగ్గర హరుకోగారు ఫోను ముందుకు జరిపి, చిన్నగా మాట్లాడింది. "మీరు జబ్బుగా ఉందని రాశారు. తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. నేను రోజూ భయపడ్డాను. ఇప్పుడు మీ ఆరోగ్యం ఎలా ఉంది?"

ఆయన వైపే చూశాను. ఇంతకంటే మంచి సందు ఎవరిస్తారు?

ఆయన ఫోను వైపు వంగి, "బాగుంది. ఇప్పుడు బాగుంది," అన్నారు.

ముసలావిడ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. సంతోషంతో. నా మోకాలిమీద తల ఆనించి ఏడ్చింది. ఆమె తెల్లజుట్టు నిమురుతూ కూర్చున్నాను, ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

గదిలోకి వచ్చాక ఆయనతో చెప్పేశాను. "బెంగుళూరులో దిగినాక నేను ఎమ్మిగనూరికి పోతాండా. బడిలో మాట్లాడినా. మీరు ఆదోనికి పోండి."

పడమటి కిటికీలో వెలుతురు పోయేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

నాలుగో రోజు: ఫుషిమి కొండ

క్యోటో బొమ్మల్లో అందరూ చూసేది ఈ కొండే. ఎర్ర రంగు వేసిన చెక్క ద్వారాలు, ఒకదాని వెనక ఒకటి, వేలకు వేలు, కొండ పైదాకా. దారంతా ఆ ద్వారాల కిందనుంచే. వాటి మధ్య మెడలో ఎర్రగుడ్డ కట్టిన నక్కల రాతి విగ్రహాలు. ఒక్కో ద్వారం ఒక్కో దాత ఇచ్చింది. ఎక్కేటప్పుడు ఏమీ కనపడదు, దిగేటప్పుడు వెనకవైపు దాతల పేర్లు నల్లటి అక్షరాలతో కనిపిస్తాయి. మన దగ్గర గుడికి ట్యూబులైటు ఇచ్చినవాళ్లు కూడా వెలుతురు కనపడనంత పెద్దగా పేరు రాయించుకుంటారు. వీళ్లది కాస్త మర్యాద.

తెల్లవారుజామున సన్నగా వాన. పొగమంచు కొండ సగందాకా దిగి ఉంది. జనం లేరు. ఆయన అలవాటుగా ముందు నడుస్తున్నారు, నేను వెనక. ముందురోజు మాటల తర్వాత మేమింకా మాట్లాడుకోలేదు. ఒకచోట నా బూటు తాడు ఊడితే వంగి కట్టుకున్నాను. లేచేసరికి ఆయన మలుపు తిరిగిపోయారు. ముందుకి చూస్తే ఎరుపు, ఆ పైన తెలుపు. వెనక్కి చూస్తే అదే. ద్వారాల మీద వాన చుక్కలు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

మా అమ్మమ్మది హాలహర్వి. మనిషి కనపడకుండా గొంతు మాత్రం వినపడితే ఒక్క పిలుపుకి పలకకూడదని, మూడోసారి పిలిచాకే పలకాలని ఆమె మాకు చిన్నప్పుడే నూరిపోసింది. ఇప్పటికీ వంటింట్లో ఉన్నా సరే, మొదటి పిలుపుకి పలకను. అత్తమ్మ నన్ను చెవిటిదనుకునేది.

పైనుంచి ఆయన గొంతు వినిపించింది. నేనెప్పుడూ వినని గొంతు, నిండుగా, వీధి చివరికి వినపడేట్టు.

"పద్మా!"

"ఆఁ, ఈడనే ఉండా," అన్నాను.

మాట బయటికి వచ్చేశాక తెలిసింది ఏమన్నానో. పరుగెడుతున్న అడుగుల చప్పుడు వినిపించింది. నా వైపుకి కాదు. పైకి. ఇంకా పైకి. నాకు దూరంగా.

"ఏమండీ! నేను కింద ఉండాను! కింద!" అని అరిచాను. అడుగులు ఆగాయి. ఆ తర్వాత మెల్లగా దిగుతూ వచ్చారు. వానకోటు ఒకవైపు జారిపోయి, పెదాలు తెల్లబడి ఉన్నాయి.

"పైన పలికితివి కదా నువ్వు?"

"నేను ఈడ నుంచి కదల్లేదు."

"పైనుంచే వినపడె. ఈడనే ఉండా అని. నా సెవులారా ఇన్నాను."

మంచులో, ఆ చెక్కల గుహలో, గొంతు ఎటు కొట్టుకుని ఎటు తిరుగుతుందో చెప్పలేం అని ఆయనకు వివరించాను. టీచర్ని కదా, బాగా వివరించాను. ఆయన తల ఊపారు గానీ మెట్ల పైకే చూస్తూ ఉన్నారు. నేనూ చూశాను. పైన ఏమీ లేదు. అయినా అక్కడ నిలబడ్డంతసేపూ ఆ మలుపుకి వీపు చూపించడం నావల్ల కాలేదు.

పైన పలికిందెవరో ఆ దేవుడికి తెలియాలి. నన్ను వణికించింది నా నోరే. నాలుగు రోజులుగా ఆ ముసలావిడ ఆ పేరుతో పిలిచి పిలిచి, ఒక్క పిలుపుకే పలికేట్టు చేసింది. జీవితంలో మొదటిసారి అమ్మమ్మ మాట తప్పాను, అదీ నాది కాని పేరుకి.

ఆయన తడి మెట్టు మీదే కూలబడ్డారు. "నువ్వు కనపడకపోయేసరికి బయమేసె. నోటికి ఆ పేరే వచ్చేసె."

"వస్తాది. పదిహేనేండ్ల అలవాటు. దానికి నేనేమీ అనల్యా. ఆ ముసలామెకి ఎందుకు సెప్పల్యా మీరు? బాగుందని ఎట్ల సెప్తిరి?"

ఆయన నక్క విగ్రహం వైపు చూస్తూ మాట్లాడారు. గొంతు పిల్లాడి గొంతులా ఉంది.

"అందరికీ సచ్చిపోయింది పద్మ. మండీలో వాళ్లకి, సుట్టాలకి, మా అమ్మకి. లోకంలో ఒక్క ఆ ముసలామెకే ఇంకా బతికుండాది. ఒక్క సోటన్నా ఉండనీలే అనుకొంటి. సెప్తే ఆడ గూడా పోతాది. నా నోటితో నేనే సంపినట్ల అయితాది."

నాకు ఏడుపొచ్చింది. ఆయనమీద జాలితో వచ్చిందని చెప్పుకోవాలని ఉంది. జాలి కూడా ఉంది. కానీ ఎక్కువ కోపమే.

"మరి నేను? ఆయమ్మ ఆడ బతికుండాలంటే నేను లేకుండా పోవాల. మూడు దినాల నుంచి ఆ ఇంట్లో నేను లేను. బతికుండే మనిషిని నేనండీ. నేనుండాను ఈడ."

ఆయన మెట్టు మీదనుంచి లేచారు. కొండ పైదాకా మేం పోలేదు. దిగేటప్పుడు ద్వారాల వెనక పేర్లన్నీ కనిపించాయి, వందలు, వేలు, నాకు చదవరానివి. ఈసారి ఆయన ముందు నడవలేదు. నా పక్కనే, చొక్కా చెయ్యి నా చేతికి తగిలేంత దగ్గరగా నడిచారు.

ఐదో రోజు

నోటుబుక్కులో ఐదో రోజు అని పైన రాసి ఉంది. కింద పేజీ ఖాళీ. అక్కడిదాకా వచ్చేసరికి పద్మకు ఓపిక అయిపోయి ఉంటుంది.

పొద్దున ఫలహారం పెట్టి హరుకోగారు ఎప్పటిలా మోకాళ్ల మీద కూర్చుంది. "పద్మ గారూ, ఈ రోజు ఎక్కడికి వెళ్తారు?" అంది ఫోను.

ఆయన చేతిలో పుల్లలు కింద పెట్టారు. మోకాలు పట్టుకుని, మూలుగుతూ, ఆమెలాగే నేలమీద మోకాళ్లు మడిచి కూర్చున్నారు. ఫోను దగ్గరికి తీసుకుని గుక్క తిప్పుకోకుండా అన్నారు. "పద్మ లేదమ్మా, పోయింది, ఐదేండ్లాయె, మీకు సెప్పల్యా, నాదే తప్పు, ఈమె యేరే..."

"క్షమించండి, అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి," అంది ఫోను.

మా సీమ మాట దానికి అంతుపట్టలేదు. ఆయన మళ్లీ చెప్పారు, ఇంకొంచెం గట్టిగా. మళ్లీ అదే జవాబు. మూడోసారికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మాట ఒక్కసారి అనడానికే ఐదేళ్లు పట్టిన మనిషి. ఎన్నిసార్లు అనాలి?

"పుస్తకంలో ఉన్నట్ల సెప్పండి. నిదానంగా," అన్నాను.

ఆయన గుండెనిండా ఊపిరి తీసుకున్నారు. బడిలో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా ఒక్కో మాటా విడదీసి చెప్పారు.

"పద్మ చనిపోయింది. మీకు అబద్ధం చెప్పాను. ఈమె పేరు నాగవేణి. ఈమె నా భార్య."

ఫోను వాళ్ల భాషలో మొత్తం చెప్పింది. హరుకోగారి మొహంలోంచి ఏదో మెల్లగా దిగిపోవడం చూశాను. ఆయన తలవంచుకున్నారు. ఆమె నెమ్మదిగా లేచి లోపలి గదిలోకి వెళ్లింది. పోయినవాళ్లకోసం మోగించే చిన్న గంట ఒకసారి మోగింది. ఆ మోత సన్నబడి, సన్నబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. ఆ ఇంట్లో కూడా పద్మ పోయింది.

తిరిగొచ్చి ఆమె నా ఎదురుగా కూర్చుని, నుదురు చాపకు తగిలేట్టు వంగింది. లేచి ఫోనులో మాట్లాడింది.

"నాగవేణి గారూ. ఇన్ని రోజులు ఆమె ఇష్టాలు మీకు వండి పెట్టాను. క్షమించండి. మీకు ఏమి ఇష్టం?"

మూడేళ్లుగా ఆ మాట నన్నెవరూ అడగలేదు, నేనూ నన్ను అడుక్కోలేదు. అమ్మగారింట్లో ఏం తినేదాన్నో కూడా వెంటనే గుర్తుకు రాలేదు. ముసలావిడ ఎదురుచూస్తోంది. పక్కన ఆయన కూడా నా మొహంలోకే చూస్తూ ఎదురుచూస్తున్నారు. ఆయనకూ తెలియదు.

"కారం," అన్నాను చివరికి. ఏడుస్తూనే నవ్వొచ్చింది. "నాకు కారం కావాల. కండ్లల్లో నీళ్లు రావాల."

ఫోనుకి అదీ అర్థం కాలేదు. ఆయన దాన్ని తీసుకుని, నోటి దగ్గర పెట్టుకుని, నిదానంగా, పుస్తకంలో ఉన్నట్టు చెప్పారు.

"నాగవేణికి కారం ఇష్టం."